స్తానాకి వేసిన బల్ల

1973 అక్టోబరులో టెలివిజన్ వాళ్ళు రెండు వ్యాన్లలో సెర్బియాలోని క్రివి పోటోక్ అనే పల్లెకి వచ్చి పదకొండు రోజులు ఉన్నారు. తీసింది అరవై రెండు నిమిషాల దెయ్యం సినిమా. పేరు ‘వెలుగు లేనిది’. మరుసటి ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం ప్రసారమైంది. ఒక్కసారే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా పట్నం పొజారెవత్స్‌లో పక్కింటివాళ్ళ టీవీలో చూశాను. నలభయ్యో నిమిషంలో చచ్చిన మనిషి చెయ్యి బావిలోంచి పైకి వచ్చి, గట్టు మీది దీపాన్ని వేళ్ళతో నలిపి ఆర్పేస్తుంది. ఆ తర్వాత రెండేళ్ళు మా గదిలో లైటు ఆర్పే పని మా అక్కే చేసింది.

ఈ ఏడాది టెలివిజన్ వాళ్ళ పాత సినిమాల విభాగం ఆ రీళ్ళు బయటికి తీసి శుభ్రం చేసింది. జనవరిలో ఒక సీను, మార్చిలో మొత్తం సినిమా ఇంటర్నెట్‌లో పెట్టారు. జూన్‌లో, ఊళ్ళవాళ్ళు తమ పోయినవాళ్ళకి పెట్టుకునే చనిపోయినవాళ్ళ శనివారం నాడు, తీసిన ఊళ్ళోనే ఒకసారి వేస్తామన్నారు. మా పత్రికకి అరవై లైన్ల వార్త కావాలి. నా భార్యది పక్క ఊరు కాబట్టి నన్ను పంపారు.

మధ్యాహ్నం మూడింటికి ఆట. ఊరి హాలు కిటికీలకి దుప్పట్లు కట్టారు. కుర్చీలు ఫుట్‌బాల్ క్లబ్బువి. నేను లెక్కపెట్టినప్పుడు ముప్ఫై ఒక్క మంది ఉన్నారు. పాత సినిమాల విభాగం నుంచి దుబ్రావ్కా అనే ఆవిడా, సౌండు చూసే ఓగ్నియెన్ అనే కుర్రాడూ వచ్చారు. హాలు తాళాలు ట్రాయిలో అనే మనిషి దగ్గర ఉంటాయి. అరవై దాటినవాడు, నోరు ఊరుకోదు.

పౌనా అనే ముసలావిడ రెండున్నరకే వచ్చింది. డెబ్భై ఏడేళ్ళు. ఆ సినిమాలో మాట్లాడినవాళ్ళలో బతికున్నది ఆమె ఒక్కతే. చేతిలో సంచీ ఉంది. అందులో గుడ్డలో చుట్టిన రొట్టె, సీసాలో నీళ్ళు, మైనం వత్తులు.

“పిన్నీ, సినిమాకొస్తూ భోజనం కట్టుకొచ్చావా?” అన్నాడు ట్రాయిలో.

“నీక్కాదులే. ఇటునుంచి ఇటే శ్మశానానికి పోవాలి.”

“విలేకరిగారూ, రాసుకోండి. మా పిన్ని అప్పట్లో ఊళ్ళో అందగత్తె. ఇప్పుడైతే దెయ్యం వేషానికి మేకప్ కూడా అక్కర్లేదు.”

“నీ మొహానికి అప్పుడూ అక్కర్లేదురా.”

హాలు బయట బెంచీ మీద ఆమెతో అరగంట మాట్లాడాను. సినిమా ఇంతవరకూ చూడలేదని చెప్పింది. ప్రసారమైన ఏడాది ఈ ఊళ్ళో ఒకటే టీవీ ఉండేది. ఆ సాయంత్రం కావాలనే ఆవుల దగ్గర ఉండిపోయింది.

“నాది నాలుగు నిమిషాలు,” అంది. “చచ్చినదాని చెల్లెల్ని. అక్కకి బల్ల వేయాలి. బెల్‌గ్రేడ్ నుంచి తెచ్చుకున్న పిల్లకి అది చేతకాలేదు. రొట్టె పట్టుకుంటే ఇటుక పట్టుకున్నట్టు ఉంది. డైరెక్టరు జనంలోకి చూసి, నువ్వు రా అన్నాడు.”

ఈ వైపు వ్లాహ్ భాష మాట్లాడే ఊళ్ళలో చనిపోయినవాళ్ళకి బల్ల వేస్తారు. పొమానా అంటారు. రొట్టె, నీళ్ళు, వత్తి. వత్తి వెలిగించి, ఇది ఫలానావాళ్ళ ముందు ఉండుగాక అని పేరు చెప్పి రొట్టె విరుస్తారు. ఎవరి పేరు చెబితే వాళ్ళకి అక్కడ బల్ల దొరుకుతుంది, వెలుగు దొరుకుతుంది. ఎవరూ పేరు చెప్పనివాళ్ళు చీకట్లో నిలబడి ఉంటారు. సినిమా కథ కూడా అదే. స్తానా అనే మనిషికి ఎవరూ బల్ల వేయరు. అందుకని ఆమె తిరిగి వచ్చి ఇంటింటి దీపం పట్టుకుపోతుంది, చెల్లెలు బల్ల వేసేదాకా.

“పరాయివాళ్ళకి చూపించాల్సి వస్తే ఏదో ఒకటి తక్కువ చేసి చూపించాలి,” అంది పౌనా. “మా అత్త ముందే చెప్పింది. రొట్టె విరవకు, లేకపోతే పేరు చెప్పకు, అప్పుడది ఆట అవుతుంది, అంది. నేను పేరు చెప్పాను, రొట్టె విరవలేదు. ఒకసారి తీశారు. రెండోసారి తీశారు. డైరెక్టరు దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఎవరో చదువుకున్నాయన రాసిచ్చింది. అందులో చూసి, రొట్టె విరవలేదేం అన్నాడు.”

“మీరేమన్నారు?”

“మర్చిపోయానండీ అన్నా. అయితే ఈసారి విరువు అన్నాడు.”

“విరిచారు.”

“అంతమంది నిలబడి ఉన్నారు. లైట్ల వేడికి మా మామకి కళ్ళు తిరుగుతున్నాయి. పేరు చూస్తే కాగితంలోది. స్తానా అనే మనిషే లేదు. లేనిదానికి పెడితే ఎవరికి పోతుందిలే అనుకున్నా. ఇరవయ్యారేళ్ళు నాకు. తెలివైనదాన్ననుకునేదాన్ని.”

ఆమె కూతురు మిలుంకా సినిమా తీసినప్పుడు ఏడాది పిల్ల. 1977 వసంతంలో, ఐదేళ్ళకి, మెదడువాపు వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. నలభయ్యో రోజు పౌనా బల్ల వేసింది. ఆ వారమే పిల్ల కలలోకి వచ్చింది.

“నిలబడి ఉంది. కూర్చోవే తల్లీ అన్నా. ఎవరో ఆవిడ కూర్చుందమ్మా, ముందు నేనొచ్చానంటోంది, అంది. మా అత్తకి చెప్పా. అత్త నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒక ఇంటి చేత్తో ముందెవరికి బల్ల వేస్తే వాళ్ళే ఆ ఇంటి బల్ల దగ్గర పెద్ద అని మాత్రం చెప్పింది.”

అప్పటినుంచీ ఆమె ఏడాదికి రెండుసార్లు రెండు బల్లలు వేస్తోంది. శనివారం ముందుగా స్తానాకి, మర్నాడు మిలుంకాకి. స్తానా కడుపు నిండితే లేచి చోటిస్తుందని. నలభై ఏడేళ్ళు.

“ఇచ్చిందా?”

“మొన్న మాఘంలో కూడా వచ్చింది. నిలబడే ఉంది. ఐదేళ్ళ పిల్ల, కాళ్ళు నొప్పెట్టవూ?”

నేను నోటుపుస్తకం మూశాను. ట్రాయిలో తలుపు దగ్గర నిలబడి అందరినీ లోపలికి పిలుస్తున్నాడు.

సినిమా ఇప్పుడు భయపెట్టదు. బావిలోంచి వచ్చేది రబ్బరు తొడుగు. మణికట్టు దగ్గర అంచు కనిపిస్తోంది. గొయ్యి తవ్వేవాడి చేతికి గడియారం ఉంది. చచ్చిన మనిషి గుమ్మంలో నిలబడినప్పుడు ఆమె వెనక కోడి ఒకటి మూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. జనం నవ్వారు. తెర మీద గుంపు కనిపించినప్పుడల్లా పేర్లు అరిచారు.

“అదిగో మా నాన్న!” అన్నాడు ట్రాయిలో. “రెండు సీన్లలోనూ తాగే ఉన్నాడు.”

“ఏ సీను కోసం మానేస్తాడు?” అని వెనకనుంచి ఎవరో అన్నారు.

నలభై ఆరో నిమిషంలో బల్ల సీను వచ్చింది. తెర మీద పౌనా నల్ల రుమాలు కట్టుకుని, వత్తి వెలిగించి, తన భాషలో మాట్లాడింది. కింద సెర్బియన్ అక్షరాలు పడ్డాయి. ఈ వెలుగు, ఈ నీళ్ళు, ఈ రొట్టె స్తానా ముందు ఉండుగాక. రొట్టె విరిచింది. ఆ నాలుగు నిమిషాల్లో ఎవరూ నవ్వలేదు. ముసలివాళ్ళు ముగ్గురు లేచి నిలబడ్డారు. మా పక్క వరసలో ఒకాయన టోపీ తీశాడు. పౌనా కూర్చునే ఉంది. సంచీని రెండు చేతులతో పట్టుకుంది.

ఆట అయ్యాక దుబ్రావ్కా ముందుకు వచ్చి మాట్లాడింది. రీళ్ళు ఏ స్థితిలో దొరికాయో, రంగులు ఎలా సరిచేశారో చెప్పింది. తర్వాత పౌనా వైపు తిరిగింది.

“మీకొక మంచి వార్తండీ. జనవరిలో మేం ముందు పెట్టింది మీ సీనే. ఇవాళ పొద్దుటికి మూడు లక్షల పన్నెండు వేలసార్లు చూశారు. బ్రెజిల్ నుంచి కూడా చూస్తున్నారు.”

చప్పట్లు కొట్టారు. పౌనా కొట్టలేదు.

“చూడటమంటే?” అంది. “మొత్తమా? పేరు చెప్పేదీ, విరిచేదీ?”

“మొత్తమే. నాలుగు నిమిషాలూ.”

“ప్రతిసారీ నా గొంతే వినపడుద్దా?”

“మీ గొంతే.”

పౌనా నన్ను చూసి చెప్పింది. “నా పిల్లకి నేను వేసినవి తొంభై నాలుగు. ఆ స్తానాకి మూడు లక్షలా?”

“పిన్నీ, అది సినిమా,” అన్నాడు ట్రాయిలో. ఈసారి నవ్వకుండా అన్నాడు.

“సినిమా అయితే నువ్వెందుకురా లేచి నిలబడ్డావు?”

లేచినవాళ్ళలో అతనూ ఒకడని అప్పుడు గుర్తించాను.

జనం బయటికి వెళ్ళారు. బయట బల్ల మీద జున్నూ, రకియా అనే పళ్ళ సారా పెట్టారు. పౌనా లోపలే ఉండి, తీగలు చుడుతున్న ఓగ్నియెన్ దగ్గరికి వెళ్ళింది.

“అబ్బాయ్, ఆ గొంతు మార్చొచ్చా?”

“ఏ గొంతు మామ్మా?”

“నాదే. సినిమాల్లో ఒకరు మాట్లాడితే ఇంకొకరి గొంతు పెడతారుగా. నేను మళ్ళీ చెప్తా. అన్నీ అవే మాటలు. పేరొక్కటి మార్చి చెప్తా. మిలుంకా అని. ఇకనుంచి ఎవరు చూసినా అది నా పిల్లకి పోతుంది.”

ఓగ్నియెన్ తీగలు కింద పెట్టాడు. “చెయ్యొచ్చు. డబ్బింగే కదా. పావుగంట పని,” అని దుబ్రావ్కా వైపు చూశాడు.

దుబ్రావ్కా కుదరదంది. కటువుగా అనలేదు. డైరెక్టరు చనిపోయాడు, ఆయన తీసినదాన్ని ఉన్నదున్నట్టు ఉంచడమే తమ పని, ఒక్క మాట మార్చినా అది వేరే సినిమా అవుతుంది అని చెప్పింది.

“ఆయన రాసిందా ఆ మాటలు?” అంది పౌనా. “నేను చెప్పినవి. మా అత్త నాకు నేర్పినవి. ఆయనది ఆ పేరొక్కటే. ఆ పేరు ఆయనకే ఇచ్చేస్తాను, తీసుకోమను.”

ఓగ్నియెన్ ఒక దారి చెప్పాడు. సినిమా జోలికి వెళ్ళకుండా, ఆ సీనొకటే కొత్త గొంతుతో విడిగా పెట్టవచ్చు. యాభై ఏళ్ళ తర్వాత అదే మనిషి అదే సీనుకి మళ్ళీ గొంతిచ్చింది అని రాస్తే జనం చూస్తారు, బహుశా పాతదానికంటే ఎక్కువే చూస్తారు.

దుబ్రావ్కా ఆలోచించింది. “పెదాలు కలవాలి,” అంది చివరికి. “తేడాగా ఉంటే నవ్వుతారు. నేను నవ్వులపాలు చేయను ఆవిడని.”

“కలుపుతా,” అన్నాడు ఓగ్నియెన్.

పౌనా మొహం కడుక్కుని వచ్చింది. అరగంటలో ఆమె వయసు మారిందని నేను రాయను. కానీ ట్రాయిలోతో, “ఆ తలుపు వెయ్యరా, నీ తాగుబోతుల గోల లోపలికి రాకుండా,” అన్నప్పుడు గొంతు పెద్దగా వచ్చింది.

కుర్చీలు తీసి ఒక బల్ల వేశారు. ఓగ్నియెన్ దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి, మైకు ఆమె గడ్డం ఎత్తుకి సరిచేశాడు. చెవికి హెడ్‌ఫోన్ పెట్టాడు.

“అందులో మీ పాత గొంతు చిన్నగా వినిపిస్తుంది. దాంతోపాటే వెళ్ళండి. కళ్ళు మాత్రం ఆ అమ్మాయి పెదాల మీద నుంచి తీయకండి. అవి కదిలినప్పుడే మీవి కదలాలి.”

“ఆ అమ్మాయి నేనేరా.”

“అందుకే తేలిక.”

ముందు రెండుసార్లు ఉత్తినే చేయించాడు. వత్తి లేదు, రొట్టె సంచీలోనే ఉంది. రెండుసార్లూ ఆమె మిలుంకా అనే అంది. పేరు ఒక అక్షరం ఎక్కువ కావడంతో మొదటిసారి వెనకబడింది. రెండోసారి మాట వేగం పెంచి సరిచేసుకుంది. ఓగ్నియెన్ బొటనవేలు చూపించాడు.

“ఇక అసలుది,” అంది పౌనా.

“రొట్టె అక్కర్లేదు మామ్మా. గొంతు చాలు.”

“నీకు చాలు.”

ఆమె రొట్టె గుడ్డ విప్పింది. నీళ్ళ సీసా పక్కన పెట్టింది. వత్తి వెలిగించి రొట్టెలో గుచ్చింది. ఆ కల వచ్చినప్పటినుంచీ తాను వేసిన ఏ బల్లలోనూ పిల్ల పేరు ముందు చెప్పలేదని, ఇదే మొదటిసారని చెప్పింది. ట్రాయిలో టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. కిటికీలకి దుప్పట్లు ఉన్నాయి కాబట్టి గదిలో ఆ వత్తీ, ల్యాప్‌టాప్ తెరా మాత్రమే వెలుగుతున్నాయి.

ఓగ్నియెన్ వేలు దించాడు. తెర మీద ఇరవయ్యారేళ్ళ మనిషి మాట్లాడటం మొదలుపెట్టింది. బల్ల దగ్గర డెబ్భై ఏడేళ్ళ మనిషి ఆ పెదాల మీద నుంచి కళ్ళు తీయకుండా ఆమెతోపాటు మాట్లాడింది. ఈ వెలుగు. ఈ నీళ్ళు. ఈ రొట్టె. తడబడలేదు. ఒక్క అర క్షణం కూడా తేడా రాలేదు. తెర మీది పెదాలు స్తానా అన్నాయి. పౌనా స్తానా అంది. తెర మీది చేతులు రొట్టె విరిచాయి. ఆమె చేతులూ విరిచాయి.

ఓగ్నియెన్ సీను చివరిదాకా ఆగాడు. తర్వాత మీట నొక్కాడు.

“పర్లేదు మామ్మా. అందరికీ అవుతుంది. పెద్ద పెద్ద ఆర్టిస్టులకే అవుతుంది, పెదాలు చూస్తుంటే నోరు అదే అంటుంది. ఇంకో టేక్ వెళ్దాం.”

పౌనా రొట్టె రెండు ముక్కలూ చెరో చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

“ట్రాయిలో, ఇంకో రొట్టె తెండి ఎక్కడినుంచైనా,” అంది దుబ్రావ్కా.

ట్రాయిలో కదల్లేదు. “మేడమ్, ఒక రోజున ఒక చేత్తో ఒకటే విరుస్తాం,” అన్నాడు.

“అయితే ఇవాళ వద్దు. మళ్ళీ చనిపోయినవాళ్ళ శనివారం ఎప్పుడు? నవంబరులోనా? అప్పుడొస్తాం.”

“రావద్దమ్మా,” అంది పౌనా.

“మాకేం ఇబ్బంది లేదండీ.”

“నీకు కాదు. వచ్చినా మళ్ళీ ఇదే అంటా. దాని పేరు నా నోటికి అలవాటైపోయింది. ముందు అదే వస్తుంది. అది తింటే చాలు, లేస్తుంది లేస్తుంది అని ఇన్నేళ్ళూ నేనే నేర్పించుకున్నా నా నోటికి.” ఆమె ముక్కలని బల్ల మీద పెట్టింది. “పిల్ల ఇవాళ విని ఉంటుంది. అమ్మ పిలుస్తానంది, పిలుస్తుంది అని ముందుకొచ్చి ఉంటుంది.”

“ఇది తుడిచేస్తాను,” అన్నాడు ఓగ్నియెన్. “ఇదిగో, మీ ముందే. లేదిక.”

“నీ పెట్టెలో లేదు,” అంది పౌనా.

ఆమె హెడ్‌ఫోన్ తీసి అతని చేతికిచ్చింది. నీళ్ళ సీసా మూత బిగించింది. ఓగ్నియెన్ సామాను సర్దబోతే ఆపింది. విరిచిన రొట్టె పంచకుండా వదిలేయకూడదు. ఆమె దాన్ని చిన్న ముక్కలు చేసింది. పేరు చెప్పి చేతిలో పెడతారు. తీసుకున్నవాళ్ళు దేవుడు క్షమించుగాక అని బదులు చెప్పి తినాలి. అప్పుడే అక్కడ అందుతుంది.

ట్రాయిలోకి ముందు ఇచ్చింది. “స్తానాకి,” అంది.

“దేవుడు క్షమించుగాక.” అతను తిన్నాడు.

ఓగ్నియెన్‌కి ఇచ్చింది. అతను ట్రాయిలో అన్నట్టే అన్నాడు. దుబ్రావ్కాకి ఇచ్చింది. ఆవిడ థాంక్స్ అని నోట్లో పెట్టుకోబోయింది.

“అలా కాదమ్మాయ్. మాట చెప్పి తిను.”

“క్షమించండి. నాకు... ఆ పేరుకి నేనెలా అంటాను? మీ పాపకి అంటాను.”

“నేను చెప్పింది పాప పేరు కాదు కదా. మాట చెప్పకపోతే దానికి సగమే అందుతుంది. సగం తిన్నది ఊరుకుంటుందా? చెప్పు.”

దుబ్రావ్కా చెప్పింది. సగం మాట మింగేసింది. పౌనా మళ్ళీ చెప్పమంది. రెండోసారి సరిగ్గా వచ్చాక నా వైపు తిరిగింది.

“స్తానాకి,” అని నా అరచేతిలో ముక్క పెట్టి, నేను నోరు తెరిచేదాకా చూస్తూ నిలబడింది.

దేవుడు క్షమించుగాక అన్నాను. తిన్నాను.